సమీకృత ఇన్‌స్టలేషన్ ఇమేజ్: అప్‌డేట్ల విలీనంపై పాఠపరిష్కరణ దృష్టితో ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
ఆపరేటింగ్ సిస్టమ్ ఇన్‌స్టలేషన్ ఇమేజ్‌లో అప్‌డేట్లను ముందుగానే కలిపి ఉంచే పద్ధతిని సాంకేతిక రచనలు సాధారణంగా ఒక సౌకర్యంగానే వర్ణిస్తాయి. అలా కలిపిన ఇమేజ్ పాత ఇమేజ్‌కు నకలు కాదనీ, నవీకరించిన యంత్రానికి సమానమూ కాదనీ, అదొక స్వతంత్ర పరిష్కరణ అనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. విండోస్, డెబియన్ వ్యవస్థల చరిత్రలోని కొన్ని నిర్దిష్ట సందర్భాలను ఇందుకు ఆధారంగా తీసుకుంటుంది. తెలుగు లిపి, ఫాంట్ల విషయంలో ఇమేజ్ రూపకర్త నిర్ణయాల ప్రభావాన్ని పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఇన్‌స్టలేషన్ ఇమేజ్, సంచిత అప్‌డేట్, విలీనం, పాఠపరిష్కరణ, పాఠాంతరం, తెలుగు ఫాంట్లు.

1. ప్రవేశిక

ఒక కంప్యూటర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్‌ను నెలకొల్పడానికి కావలసిన ఫైళ్లన్నింటినీ ఒక్కచోట కూర్చిన మూలరూపం ఇన్‌స్టలేషన్ ఇమేజ్. అది డిస్కు మీద ఉన్నా, పెన్‌డ్రైవ్‌లో ఉన్నా, కళాశాల సర్వరులో ఉన్నా దానికొక తేదీ ఉంటుంది. ఆ తేదీ తరవాత వెలువడిన దోషసవరణలేవీ అందులో ఉండవు. కాబట్టి రెండేళ్లనాటి ఇమేజ్‌తో ఈరోజు నెలకొల్పిన యంత్రం పుట్టుకతోనే రెండేళ్లు వెనకబడి ఉంటుంది.

ఈ వెనకబాటు ఎంత ప్రమాదకరమో 2003లో బ్లాస్టర్ అనే వర్మ్ చూపించింది. అది ఆగస్టులో వ్యాపించింది. దాన్ని నిరోధించే సవరణను మైక్రోసాఫ్ట్ జూలైలోనే విడుదల చేసింది. అయినా పాత డిస్కుతో విండోస్ ఎక్స్‌పిని కొత్తగా నెలకొల్పి అంతర్జాలానికి కలిపిన యంత్రం, ఆ సవరణను దించుకోవడం పూర్తికాకముందే వర్మ్ బారినపడి, దానంతటది ఆగిపోయి మళ్లీ మొదలవుతూ ఉండేది. మందు తెచ్చుకోవడానికి బయలుదేరిన దారిలోనే రోగం ఎదురయ్యే స్థితి అది. 2017 మే 12న బయటపడిన వానాక్రై సందర్భంలోనూ సవరణ రెండు నెలల ముందే, మార్చి 14న వచ్చి ఉంది. అది చేరని యంత్రాలు ప్రపంచమంతటా దెబ్బతిన్నాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని వాటిలో ఉన్నట్లు ఆనాటి వార్తాపత్రికలు నమోదు చేశాయి.

అప్‌డేట్లను ఇమేజ్‌లోనే కలిపివేయడం ఈ అంతరాన్ని పూడ్చే మార్గం. నెట్ వేగం తక్కువగా ఉన్న కళాశాలలో ప్రయోగశాల యంత్రాలన్నీ ఒకే అప్‌డేట్‌ను విడివిడిగా దించుకోవలసిన అవస్థ కూడా దీనితో తప్పుతుంది. కనుక ఆవశ్యకత విషయంలో వివాదం లేదు. విమర్శకు తావున్నది మరోచోట. విలీనం చేసినవారు తాము ఒక కొత్త గ్రంథాన్ని సిద్ధం చేశామని గుర్తించరు. దాన్ని వాడేవారు అది కొత్త గ్రంథమని ఎరగరు. ఈ రెండు అజ్ఞానాల మధ్య జరిగే నష్టమే ఇక్కడి చర్చనీయాంశం.

2. అంచున ఉన్న సవరణ మూలంలోకి చేరడం

తాళపత్ర గ్రంథాలతో పరిచయం ఉన్నవారికి ఒక లేఖక వ్యవహారం బాగా తెలుసు. పాత ప్రతిని చదివిన పండితుడెవరో అంచున ఒక సవరణో టిప్పణమో రాసుకుంటాడు. తరవాతి లేఖకుడు నకలు తీసేటప్పుడు దాన్ని మూలంలోకి ఎక్కించేస్తాడు. మూడో తరం ప్రతిలో అది సవరణ అని చెప్పే ఆనవాలేదీ మిగలదు. ఆ సవరణ సరైనదే కావచ్చు. కాని ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో, అంతకుముందు అక్కడ ఏముండేదో తెలుసుకొనే దారి మూసుకుపోతుంది.

విండోస్ 2000, ఎక్స్‌పిల కాలంలో సర్వీస్ ప్యాక్‌ను ఇన్‌స్టలేషన్ ఫైళ్లలో కలిపిన తీరు సరిగ్గా ఇదే. సర్వీస్ ప్యాక్ ప్రోగ్రాముకు ‘ఇంటిగ్రేట్’ అనే ఆదేశాన్ని జతచేసి నడిపితే, డిస్కు నుంచి హార్డ్‌డిస్కు మీదికి తీసుకున్న మూల ఫోల్డరులోని పాత ఫైళ్ల స్థానంలో కొత్తవి వచ్చి కూర్చొనేవి. పాతవి మాయమయ్యేవి. ఆ ఫోల్డరుతో తయారైన డిస్కు ద్వారా నెలకొల్పిన యంత్రం నుంచి సర్వీస్ ప్యాక్‌ను తొలగించే వీలు లేదు. ఎందుకంటే ఆ యంత్రం దృష్టిలో అంతకుముందు స్థితి అంటూ ఒకటి ఎన్నడూ లేదు.

ఈ దశలోనే క్రమం సమస్య కూడా తలెత్తింది. సర్వీస్ ప్యాక్‌ను కలిపిన తరవాత విడి సవరణలను కలపవచ్చు. విడి సవరణలను ముందే కలిపి ఉంటే మాత్రం సర్వీస్ ప్యాక్ ఆ ఫోల్డరులో చేరడానికి నిరాకరించేది. మళ్లీ శుద్ధమైన మూలం నుంచి మొదలుపెట్టవలసిందే. మూలప్రతిని విడిగా భద్రపరచుకోని రూపకర్తకు వెనక్కి వెళ్లే దారి ఉండేది కాదు.

విస్టాతో పరిస్థితి మారింది. విడి ఫైళ్ల ఫోల్డరు పోయి, విమ్ అనే ఒకే పెద్ద ఫైలు వచ్చింది. ఒకే వ్యవస్థకు చెందిన పలు ఎడిషన్లు అందులో వేర్వేరు సంఖ్యల కింద ఉంటాయి. వాటికి ఉమ్మడిగా ఉన్న ఫైలు ఒక్కసారే నిలవ ఉంటుంది. విండోస్ 7తో వచ్చిన డిజమ్ అనే సాధనం ఆ ఇమేజ్‌ను ఒక ఫోల్డరుగా తెరిచి, అప్‌డేట్ ప్యాకేజీని చేర్చి, తిరిగి మూసివేస్తుంది. ఇక్కడ పాత ఫైలు వెంటనే చెరిగిపోదు. ఏ ప్యాకేజీ ఎప్పుడు చేరిందో ఇమేజ్ లోపలే నమోదవుతుంది. పాఠపరిష్కరణ భాషలో చెప్పాలంటే మూలం పక్కనే పాఠాంతరాలు కూడా నిలిచి ఉండే స్థితి ఇది. ఎక్స్‌పి పద్ధతితో పోలిస్తే గుణాత్మకమైన ముందడుగు.

అయితే ఈ ముందడుగు సంపూర్ణం కాదు. విస్టా సర్వీస్ ప్యాక్ 1, విండోస్ 7 సర్వీస్ ప్యాక్ 1 మూసి ఉన్న ఇమేజ్‌లో నేరుగా చేరవు. ఒక యంత్రంలో వ్యవస్థను నెలకొల్పి, అక్కడ సర్వీస్ ప్యాక్ వేసి, సిస్‌ప్రెప్‌తో ఆ యంత్రం ఆనవాళ్లను తుడిచి, తిరిగి ఇమేజ్‌గా పట్టుకోవలసి వచ్చేది. పైగా డిజమ్‌తో చేర్చిన ప్యాకేజీలలో కొన్ని ‘ఇన్‌స్టలేషన్ పెండింగ్’ అనే స్థితిలోనే ఉండిపోతాయి. మొదటిసారి యంత్రం ప్రారంభమైనప్పుడు గాని వాటి పని పూర్తికాదు. అంటే పరిష్కర్త ముగించిన గ్రంథంలో కొంత భాగం పాఠకుడి ఇంట్లో పూర్తవుతుంది. ఈ ఒక్క వాస్తవం చాలు, విలీనం చేసిన ఇమేజ్‌ను నవీకరించిన యంత్రంతో సమానంగా ఎంచరాదని చెప్పడానికి.

3. ఒకే అప్‌డేట్, రెండు ఫలితాలు

ఈ అసమానత కేవలం సిద్ధాంతపరమైనదనే అభ్యంతరం రావచ్చు. దానికి రెండు సందర్భాలు సమాధానమిస్తాయి. రెండూ మైక్రోసాఫ్ట్ స్వయంగా అంగీకరించి ప్రకటించినవే.

మొదటిది 2021 నాటిది. విండోస్ 10కి చెందిన ఆనాటి సంచిత అప్‌డేట్ పాత ఎడ్జ్ బ్రౌజరును తొలగించి, కొత్త ఎడ్జ్‌కు చోటివ్వాలి. సాధారణ మార్గంలో అప్‌డేట్ అందుకున్న యంత్రాల్లో అలాగే జరిగింది. ఆ అప్‌డేట్‌ను ఇమేజ్‌లో కలిపి నెలకొల్పిన యంత్రాల్లో మాత్రం పాత బ్రౌజరు పోయింది, కొత్తది రాలేదు. కారణం క్రమభంగం. సంచిత అప్‌డేట్‌కు ముందు సర్వీసింగ్ స్టాక్ అప్‌డేట్‌ను, అంటే అప్‌డేట్లను చేర్చే యంత్రాంగాన్నే సవరించే చిన్న ప్యాకేజీని, విడిగా చేర్చి ఉండాలి. 2021 మార్చి 29 నాటిదో ఆ తరవాతిదో అయిన అటువంటి ప్యాకేజీ చేరని ఇమేజ్‌లకే ఈ లోపం పట్టింది. ఇందులో ఒక వైపరీత్యం ఉంది. వాడుకరుల సౌలభ్యం కోసం మైక్రోసాఫ్ట్ అప్పటికే ఆ రెండింటినీ ఒకే ప్యాకేజీగా కలిపి ఇవ్వడం మొదలుపెట్టింది. ఇమేజ్ రూపకర్తలు ఆ ఉమ్మడి మూటను విప్పి, లోపలి చిన్న ప్యాకేజీని బయటికి తీసి, ముందు దాన్ని చేర్చవలసి వచ్చింది. ఒకరికి సౌలభ్యం కోసం కలిపినదాన్ని మరొకరు విడదీయవలసి రావడం ఈ రంగంలో అరుదైన విషయమేమీ కాదు.

రెండో సందర్భం మరింత తీవ్రమైనది. 2024 అక్టోబరు లేదా నవంబరు భద్రతా అప్‌డేట్ కలిసిన మాధ్యమంతో విండోస్ 11, 24హెచ్2 రూపాన్ని నెలకొల్పితే, ఆ యంత్రం ఆ తరవాతి భద్రతా అప్‌డేట్లను స్వీకరించలేని స్థితిలో చిక్కుకుపోయే అవకాశం ఏర్పడింది. అవే అప్‌డేట్లను విండోస్ అప్‌డేట్ ద్వారా అందుకున్న యంత్రాలకు ఈ బాధ లేదు. డిసెంబరు అప్‌డేట్ కలిపిన మాధ్యమాన్ని వాడమన్నది సంస్థ చూపిన మార్గం. భద్రత కోసమే చేసిన విలీనం భవిష్యత్తు భద్రతకు తలుపు మూసింది. యంత్రం మీద వెంటనే కనిపించే లోపమేదీ ఉండదు గనుక, ఆ ఇమేజ్‌తో ఒక ప్రయోగశాలను సిద్ధం చేసినవారికి నెల తిరిగేదాకా విషయం తెలిసే అవకాశం తక్కువ.

ఈ రెండు ఉదంతాల్లోనూ అప్‌డేట్‌లోని అక్షరం మారలేదు. అది చేరిన మార్గం మారింది, ఫలితం మారింది. ‘అన్ని అప్‌డేట్లూ కలిపిన ఇమేజ్’ అనే వర్ణన ఎంత అసమగ్రమో దీనివల్ల తేలుతుంది. ఏవి కలిపారన్నది సగం సమాచారమే. ఏ మూలంలో, ఏ వరుసలో, ఏ పద్ధతిలో కలిపారన్నది మిగతా సగం.

వరుస గురించి మరొక మాట. విండోస్ 7కు 2016 మేలో వచ్చిన పెద్ద ఉమ్మడి అప్‌డేట్ (కెబి 3125574) సర్వీస్ ప్యాక్ 1 తరవాత ఐదేళ్ల సవరణలను ఒక్కచోటికి తెచ్చింది. ఇమేజ్‌లో నేరుగా కలపడానికి వీలుగా కూడా ఉంది. దానికి ముందు 2015 నాటి సర్వీసింగ్ స్టాక్ (కెబి 3020369) చేరి ఉండాలన్నది నిబంధన. 2019లో మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ల డిజిటల్ సంతకాన్ని షా-2 పద్ధతికి మార్చినప్పుడు, ఆ సంతకాన్ని గుర్తించే సవరణలు ముందుగా లేని విండోస్ 7 ఆపై వచ్చిన అప్‌డేట్లను స్వీకరించలేకపోయింది. 2016లో నిర్దుష్టంగా సిద్ధం చేసిన ఇమేజ్ కూడా 2019లో అసంపూర్ణమైపోయింది. పరిష్కరణలో దోషం లేకున్నా కాలం దానికి దోషాన్ని అంటగట్టింది. తేదీ లేని ఇమేజ్ విషయంలో ఈ అంచనా వేయడమే అసాధ్యం.

4. తొలగింపులు, తెలుగు

చేర్చడం వెంటే తీసివేయడం వస్తుంది. ఎక్స్‌పి కాలంలో ప్రసిద్ధమైన ఎన్‌లైట్ సాధనం ఒకే కూర్చునులో సర్వీస్ ప్యాక్‌ను కలిపి, అక్కరలేదనుకున్న విభాగాలను తీసివేసే వీలు కల్పించింది. ఆ తీసివేతల పట్టికలో భాషలూ కీబోర్డులూ కూడా ఉండేవి. ఎవరికి అక్కరలేదు? ఈ ప్రశ్నకు ఇమేజ్ రూపకర్త ఒక్కడే సమాధానం చెప్పేవాడు.

ఎక్స్‌పిలో తెలుగుకు తోడ్పాటు ఉంది. గౌతమి ఫాంటు దానితోనే వచ్చింది. అయితే ఆంగ్ల ఎక్స్‌పిలో సంక్లిష్ట లిపులకు కావలసిన ఫైళ్లు వాటంతట అవి నెలకొనేవి కావు. కంట్రోల్ ప్యానెల్‌లో ప్రాంతీయ భాషల విభాగానికి వెళ్లి ఒక గడిలో టిక్కు పెట్టాలి. అప్పుడు వ్యవస్థ మూల డిస్కును అడిగేది. బరువు తగ్గించుకున్న ఇమేజ్‌తో నెలకొల్పిన యంత్రంలో ఆ డిస్కే లోపభూయిష్ఠం. ఒత్తులు అక్షరం కింద కుదురుకోక విడివిడిగా కనిపించే తెరను చూసి, తెలుగు యూనికోడ్ ఇంకా పనిచేయదని నిర్ధారించుకోవడానికి అంతకన్న కారణం అక్కరలేదు. లిపి అసమర్థతగా తోచినది నిజానికి ఒక సంపాదక నిర్ణయపు పర్యవసానం.

నేటి పరిస్థితి వేరు, సమస్య స్వభావం అదే. విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ ఫాంటులో తెలుగు అందుబాటులో ఉంది. గౌతమి, వాణి ఫాంట్లు విండోస్ 10 నుంచి తెలుగు అనుబంధ ఫాంట్లు అనే ఐచ్ఛిక విభాగంలోకి వెళ్లిపోయాయి. ఆంగ్లం మాత్రమే ఎంచుకొని కొత్తగా నెలకొల్పిన యంత్రంలో అవి ఉండవు. గౌతమిలో కూర్చిన సిద్ధాంతవ్యాసాన్ని అటువంటి యంత్రంలో తెరిస్తే వర్డ్ మరొక ఫాంటును దాని స్థానంలో నిలుపుతుంది. అక్షరాల వెడల్పు మారుతుంది, పంక్తులు మరోచోట విరుగుతాయి, పుటలు జరుగుతాయి. చేత్తో రాసుకున్న విషయసూచికలోని పుటసంఖ్యలు తప్పవుతాయి. పరిశోధకుడు తన వ్యాసాన్నే అనుమానిస్తాడు గాని ప్రయోగశాల ఇమేజ్‌ను అనుమానించడు.

ఈ ఫాంట్లను ఇమేజ్‌లోనే చేర్చవచ్చు. అక్కడా వరుస నియమం ఉంది. భాషా ప్యాకులు, భాషకు సంబంధించిన ఐచ్ఛిక విభాగాలు ముందు చేరాలి, సంచిత అప్‌డేట్ ఆ తరవాత చేరాలి. భాషను తరవాత చేరిస్తే సంచిత అప్‌డేట్‌ను మరోసారి వేయాలని మైక్రోసాఫ్ట్ మార్గదర్శకాలు చెబుతాయి. తెలుగును చివర తగిలించే అలంకారంగా భావించే రూపకర్త ఈ నియమాన్ని ఉల్లంఘించడం దాదాపు ఖాయం. భాషను మొదటి దశలోనే ఆలోచించవలసి రావడం సాంకేతిక నిబంధనే అయినా, దాని అంతరార్థం తెలుగు విభాగాల అధ్యాపకులకు ప్రత్యేకంగా వివరించనక్కరలేదు.

తొలగింపుల్లో మరింత సూక్ష్మమైనది డిజమ్‌లోని ‘రీసెట్‌బేస్’. కొత్త అప్‌డేట్ల వల్ల కాలం చెల్లిన పాత అంశాలను అది ఇమేజ్ నుంచి తీసివేస్తుంది, పరిమాణం తగ్గుతుంది. ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో 4 జీబీకి మించిన ఫైలు పట్టదు కనుక ఈ తగ్గింపు ఆకర్షణీయం. దానికి చెల్లించే మూల్యం, అప్పటిదాకా చేర్చిన అప్‌డేట్లను ఇక తొలగించలేకపోవడం. పైన మెచ్చుకున్న పాఠాంతర సంరక్షణను ఈ ఒక్క ఆదేశం రద్దుచేసి, ఇమేజ్‌ను మళ్లీ ఎక్స్‌పి కాలపు స్థితికి చేరుస్తుంది. ఇమేజ్‌ను రెండు ముక్కలుగా విడగొట్టినా పెన్‌డ్రైవ్‌లో పడుతుంది. పరిమాణం కోసమే రీసెట్‌బేస్‌ను వాడటం, పుటలు తగ్గించడానికి అధస్సూచికలను కత్తిరించడం వంటిదే.

5. వెలువడని సంచిక

డెబియన్ సంప్రదాయం ఇందుకు భిన్నంగా నడుస్తుంది. ఒక స్థిర రూపం విడుదలయ్యాక, అప్పటిదాకా వచ్చిన భద్రతా సవరణలను, ముఖ్యమైన దోషనివారణలను కలిపి కొంతకాలానికొకసారి పాయింట్ రిలీజ్ వెలువడుతుంది; దానితోపాటు కొత్త ఇమేజ్‌లూ వస్తాయి. ఇది కొత్త రూపం కాదనీ, పాత మాధ్యమాన్ని పారవేయనక్కరలేదనీ ప్రకటనలోనే చెబుతారు. పాతదానితో నెలకొల్పి, భాండాగారం నుంచి ప్యాకేజీలను నవీకరించుకున్నా అదే స్థితికి చేరవచ్చు. విలీనం చేసిన ప్రతికీ, సవరణలు విడిగా అందుకున్న ప్రతికీ మధ్య సమానత్వాన్ని ఇక్కడ ఒక సూత్రంగా పాటిస్తారు. పై విభాగంలోని విండోస్ ఉదంతాల్లో లోపించినది సరిగ్గా ఇదే.

2023 డిసెంబరులో ఈ సూత్రం పరీక్షకు నిలిచింది. డెబియన్ 12.3 సిద్ధమవుతుండగా, అందులో చేరవలసిన లినక్స్ కెర్నల్‌లో ఎక్స్‌ట్4 ఫైల్ వ్యవస్థలోని దత్తాంశాన్ని చెడగొట్టగల దోషం బయటపడింది. 12.3 ఇమేజ్‌ల విడుదలను నిలిపివేశారు. కెర్నల్‌ను సవరించి, డిసెంబరు 10న 12.4ను విడుదల చేశారు. 12.3 పేరుతో ఇమేజ్ లేదు. సంఖ్యాక్రమంలోని ఆ ఖాళీని ఎవరూ పూడ్చలేదు, అదే పేరుతో మరోదాన్ని విడుదల చేసి కప్పిపుచ్చలేదు. తరవాతి పరిశోధకుడు ఆ ఖాళీని చూసి కారణం అడిగితే సమాధానం దొరుకుతుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలువరించిన ఆంధ్రమహాభారత సంశోధిత ప్రతిలో పుట అడుగున పాఠాంతరాలు ఏ పని చేస్తాయో, ఇక్కడ ఆ ఖాళీ అదే పని చేస్తుంది.

ఈ పోలికకు ఒక హద్దు ఉంది. కావ్యపరిష్కర్త కవి రాసిన పాఠం వైపు వెనక్కి నడుస్తాడు. ఇమేజ్ రూపకర్త మూలాన్ని విడిచి ముందుకు నడుస్తాడు. వేమన పద్యాల ప్రతులను సేకరించి సరిపోల్పించిన బ్రౌన్‌కు పాత ప్రతి విలువైన సాక్ష్యం; ఇమేజ్ రూపకర్తకు పాత ఫైలు ఒక ప్రమాదం. లక్ష్యాలు ఎదురెదురు దిక్కుల్లో ఉన్నా, నడిచిన దారిని నమోదు చేయవలసిన బాధ్యత ఇద్దరికీ ఉంది. పోలిక అక్కడికే పరిమితం.

6. పీఠిక లేని ప్రతులు

విమ్ ఫైలులో ప్రతి ఎడిషన్‌కూ పేరు, వివరణ అనే రెండు గళ్లు ఉంటాయి. మూల ఇమేజ్ ఏది, దాని హ్యాష్ విలువ ఏమిటి, ఏ ప్యాకేజీలను ఏ వరుసలో ఏ తేదీన చేర్చారు, ఏవి తీసివేశారు, రీసెట్‌బేస్ చేశారా, బూట్ ఇమేజ్‌నూ రికవరీ ఇమేజ్‌నూ కూడా నవీకరించారా లేక ప్రధాన ఇమేజ్‌తో సరిపెట్టారా అన్నది అక్కడ క్లుప్తంగా రాయవచ్చు. పూర్తి పాఠాన్ని పక్కనే ఒక ఫైలుగా పెట్టవచ్చు. చివరి అంశాన్ని చాలామంది మరిచిపోతారు. ఇన్‌స్టలేషన్ మాధ్యమం ఒకే గ్రంథంలా కనిపించినా లోపల మూడు స్వతంత్ర వ్యవస్థలుంటాయి. ఒకదాన్ని సవరిస్తే మిగిలినవి సవరించబడవు. డెబియన్ తన ఇమేజ్‌లతోపాటే వాటిలోని ప్యాకేజీల జాబితాలను, హ్యాష్ విలువలను, వాటి మీద సంతకాన్ని అందిస్తుంది.

సంతకం ఎందుకన్న ప్రశ్నకు లినక్స్ మింట్ అనుభవం సమాధానం. 2016 ఫిబ్రవరి 20న దుండగులు ఆ వెబ్‌సైటులోకి చొరబడి, మింట్ 17.3 సినమన్ ఇమేజ్ లంకె స్థానంలో దొంగదారి అమర్చిన తమ ఇమేజ్ లంకెను పెట్టారు. అదీ రూపాంతరం చేసిన ఇన్‌స్టలేషన్ ఇమేజే. విలీనం చేసినవారి ఉద్దేశం ఒక్కటే వేరు. బయటినుంచి చూసేవారికి ఆ ఉద్దేశం కనిపించదు. హ్యాష్ విలువ కూడా అదే వెబ్‌సైటులో ఉంటే దాన్నీ మార్చగలరు. రూపకర్త సంతకాన్ని విడిగా సరిచూసుకోవడమే మిగిలిన రక్షణ.

ఈ నేపథ్యంలో కళాశాలల్లో చేతులు మారే పెన్‌డ్రైవ్‌ల సంగతి ఆలోచించవలసి ఉంది. సదుద్దేశంతో, శ్రమతో, చాలా సందర్భాల్లో మంచి నైపుణ్యంతో సిద్ధమైన ఇమేజ్‌లు వాటిలో ఉంటాయి. ఫైలు పేరులో ‘ఫైనల్’ అనో ‘కొత్తది’ అనో ఉంటుంది. దాన్ని సిద్ధం చేసిన వ్యక్తి బదిలీ అయి వెళ్లాక, అది 2024 అక్టోబరు నాటి విలీనమో డిసెంబరు నాటిదో చెప్పగలవారు ఉండరు. డిజమ్‌తో తెరిచి ప్యాకేజీల పట్టికను అడిగితే కొంత తెలుస్తుంది. తీసివేసినవాటి గురించి ఆ పట్టిక మౌనంగా ఉంటుంది. వివరణ గడిలో మూల ఇమేజ్‌తో వచ్చిన ‘విండోస్ 11 ప్రో’ అనే మాటే యథాతథంగా కనిపిస్తుంది.